పటం మూలన పేరు: ఒక సంవాదం

పేరు పక్షం: తైలవర్ణ చిత్రానికి దానంతటదే ముగింపు రాదు. నూనెరంగు రోజుల తరబడి తడిగానే ఉంటుంది. నచ్చకపోతే గీకేయొచ్చు, గుడ్డతో తుడిచేయొచ్చు, ఎండిన పొర మీద ఇంకో పొర వేయొచ్చు. ఒకే కాన్వాసును ఏళ్ళ తరబడి దిద్దుకుంటూ కూర్చున్నవాళ్ళు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. పని ఎక్కడ ఆగిందో చెప్పే గుర్తు ఒకటి కావాలి. కింది మూలన రాసే పేరు, పక్కన వేసే సంవత్సరం ఆ గుర్తు. పటం ఎవరిదో, ఎప్పటిదో చెప్పేదీ అదే రాత. రెండంగుళాల రాత ఇన్ని పనులు చేస్తున్నప్పుడు, వద్దనేవారే కారణం చూపించాలి.

పటం పక్షం: కారణం పటంలోనే ఉంది. పెన్న కోసిన గండికోట లోయను ఒకరు గీశారనుకోండి. రెండు పక్కలా ఎర్రరాతి గోడలు, అడుగున సన్నటి నీటిగీత, పైన ఎండకు తెల్లబారిన ఆకాశం. చూపు ముందున్న బండ మీద మొదలై, నీటి వెంబడి లోపలికి పోయి, నది మలుపు దగ్గర ఆగాలని చిత్రకారుడు చూసి చూసి కూర్చాడు. ఆఖరున ఆ బండ మీదే తెల్లరంగుతో పేరు రాశాడు. చదువు వచ్చిన కన్ను అక్షరం కనిపిస్తే చదవకుండా ఉండలేదు. బండ మీద మొదలు కావలసిన చూపు పేరు మీద మొదలవుతుంది. లోయ లోతు కాస్తా పోయి, గుడ్డ మీద రంగు మాత్రం మిగులుతుంది. నెలల పనిని పాడుచేయడానికి అర నిమిషం చాలు.

పేరు పక్షం: ఆ తప్పు సంతకానిది కాదు, తెల్లరంగుది. చేయి తిరిగినవాళ్ళ పద్ధతి వేరుగా ఉంటుంది. వాళ్ళు సంతకం కోసం కొత్త ట్యూబు విప్పరు. పాలెట్ మీద అప్పటికే కలిపి ఉన్న రంగుల్లోంచే ఒకటి తీసుకుంటారు. ఎర్రబండ నీడలో వాడిన బర్న్‌ట్ అంబర్‌కు చుక్క అల్ట్రామెరైన్ నీలం తగిలిస్తే, బండ కంటే ఒక్క మెట్టు ముదురు రంగు వస్తుంది. దాన్ని టర్పెంటైన్‌తో, ఒకటి రెండు చుక్కల అవిసె నూనెతో, సిరాలా జారేదాకా పల్చబరుస్తారు. మామూలు కుంచెతో అక్షరాలు ముద్దకడతాయి కాబట్టి పొడుగాటి సన్న వెంట్రుకల రిగ్గర్ కుంచె పడతారు. రంగులో ముంచి, పాలెట్ మీద దొర్లించి మొన తేల్చి, పాత కాన్వాసు ముక్క మీద నాలుగుసార్లు రాసి చూసుకుంటారు. తర్వాత చెయ్యి ఒక కర్ర మీద ఆనించి, తడిరంగుకు తగలకుండా ఒక్క ఊపులో రాసేస్తారు. తెలుగు అక్షరాల గుండ్రటి మలుపులకు ఆ కుంచె చక్కగా లొంగుతుంది. రంగు ఇంకా తడిగా ఉంటే కుంచె వెనక మొనతో గీసి రాసేవాళ్ళూ ఉన్నారు. అప్పుడు కొత్త రంగే అక్కర్లేదు, కింది పొర అక్షరంగా బయటపడుతుంది.

చోటు విషయంలోనూ లెక్క ఉంది. పటం కట్టేటప్పుడు చట్రం లోపలి గాడి కాన్వాసు అంచును చుట్టూ పావు అంగుళం దాకా మింగేస్తుంది. కాబట్టి పేరు అంచు నుంచి అంగుళమైనా లోపలికి రావాలి. ఇలా పెట్టిన సంతకం నాలుగు అడుగుల దూరం నుంచి బండ మీది పగులులా ఉంటుంది. దగ్గరికి వచ్చి వెతికినవాళ్ళకే దొరుకుతుంది.

పటం పక్షం: దాచడానికి అంత తిప్పలు పడే రాతను రాయడం ఎందుకు?

పేరు పక్షం: దాచడానికి కాదు, వేళకు దొరకడానికి. 1434లో యాన్ వాన్ ఐక్ ఒక దంపతుల చిత్రం గీసి, గదిలో అద్దం పైన గోడ మీద తాను ఇక్కడ ఉన్నానని లాటిన్‌లో, సంవత్సరంతో సహా రాశాడు. ఆ రాత పటంలోని గోడకు చెందింది. చూసేవారి చూపు దాని దగ్గర తట్టుకుని ఆగదు. అంటే పేరు పటానికి బయటిది కానక్కర్లేదు.

పటం పక్షం: వాన్ ఐక్ అంతటివాడు పెట్టినట్టు అందరూ పెట్టగలిగితే ఈ చర్చే లేదు. రాయలసీమ సంగతికి వద్దాం. ముద్దనూరు దగ్గరి చింతకుంట రాతి గుహల్లో, కర్నూలు జిల్లా కేతవరం కొండల్లో బొమ్మలు గీసినవాళ్ళది లిపి లేని కాలం. వాళ్ళను వదిలేద్దాం. 16వ శతాబ్దపు లేపాక్షిలో లిపికి కొదవ లేదు. అక్కడ దానశాసనాలు చెక్కి ఉన్నాయి. వీరభద్రాలయం కప్పు మీద గుడి కట్టించిన విరూపణ్ణ, వీరణ్ణ సోదరుల బొమ్మలు ఉన్నాయి. చీరల అంచులు, తలపాగాలు, ఆభరణాలు ఒక్కొక్కటీ విడిగా గుర్తుపట్టేంత శ్రద్ధగా వేసిన చిత్రాలవి. వేసినవాళ్ళ పేర్లు మాత్రం లేవు. ఆ తర్వాత 18వ శతాబ్దంలో నవాబుల నీడన కర్నూలులో, కడపలో దక్కనీ పద్ధతి చిత్రాలు వచ్చాయి. వాటిలోనూ ఎక్కువ భాగం పేరు లేనివే. పేరు లేదని లేపాక్షి కప్పు కింద తల పైకెత్తి నిలబడినవాళ్ళెవరూ తక్కువ చూసి రాలేదు.

పేరు పక్షం: చూసి వచ్చాక ఏం చెప్పగలుగుతున్నారన్నది కూడా అడగాలి. దేశదేశాల మ్యూజియంలకు చేరిన ఆ దక్కనీ చిత్రాల కింద ఊరి పేరు ఉంటుంది, శతాబ్దం ఉంటుంది, మనిషి ఉండడు. ఊరు కూడా తలపాగా చుట్టు, ముఖాల తీరు, రంగుల పొందిక చూసి పండితులు ఊహించి చెప్పిందే. ఒకే చేయి కర్నూలులోనూ కడపలోనూ పనిచేసిందా, హైదరాబాదు నుంచి వచ్చిందా అని అడిగితే చెప్పేవారు లేరు. కర్నూలు నవాబు పాలన 1839లో పోయింది. నవాబుల పేర్లు చరిత్ర పుస్తకాల్లో నిలిచాయి, వాళ్ళ ముఖాలు గీసినవాళ్ళ పేర్లు నిలవలేదు. గోల్కొండలో రహీం దక్కనీ కొన్ని చిత్రాల మీద పేరు రాసుకున్నాడు కాబట్టే ఇవాళ ఆయన ఒక మనిషిగా మిగిలాడు.

ఇంకా వెనక్కి వెళ్తే, కర్నూలుకు దగ్గర్లో తుంగభద్ర ఒడ్డున అలంపురం గుళ్ళు కట్టించిన బాదామి చాళుక్యుల కాలంలోనే పట్టదకల్లు విరూపాక్షాలయం శాసనం గుండ అనే స్థపతి పేరు చెబుతుంది, ఆయనకిచ్చిన బిరుదు చెబుతుంది. పేరు లేకపోవడమే మన ఆచారమని అనడానికి వీల్లేదు. కట్టించినవాడి బొమ్మ కప్పు మీదికెక్కి, బొమ్మ వేసినవాడి పేరు మాత్రం ఎక్కలేదంటే, వినయం ఒక్క పక్షానికే వంతు వచ్చిందన్నమాట.

పటం పక్షం: ఆ చివరి మాట ఒప్పుకోవలసిందే. పనివాడి పేరు రాయనివ్వకపోవడాన్ని వినయం అనకూడదు. కానీ రాసుకునే హోదా ఉండి రాసుకోని వారూ ఈ నేల మీదే పుట్టారు. తాళ్ళపాక అన్నమయ్యకు పేరుకు లోటేముంది? కీర్తన చివర ముద్రగా వేసింది వేంకటేశ్వరుడి పేరు, తన పేరు కాదు.

పేరు పక్షం: ఆ కథలో రెండో సగం కూడా చెప్పాలి. అన్నమయ్య కొడుకు పెదతిరుమలాచార్యులూ మనుమడు చినతిరుమలాచార్యులూ అదే వేంకటేశ ముద్రతో రాశారు. ముద్రను బట్టి చూస్తే ఏ కీర్తన ఎవరిదో తేలదు. కీర్తనలను రాగి రేకుల మీద చెక్కించినప్పుడు రేకుల మీద కర్తల పేర్లు కూడా చెక్కించారు. తిరుమల సంకీర్తన భాండాగారంలో మరుగునపడ్డ రేకులు 20వ శతాబ్దంలో బయటికి వచ్చినప్పుడు ఏవి తాతవో, ఏవి తండ్రివో, ఏవి మనుమడివో చెప్పింది ఆ రాతే. అది లేకపోతే అన్నమయ్య అనే పేరు కింద ఇవాళ ఏం పాడుకునేవాళ్ళమో చెప్పలేం.

పటం పక్షం: ఈ పక్షం కోరుతున్నదీ సరిగ్గా అదే. పేరు రేకు మీద ఉంది, పాటలోకి చొరబడలేదు. పేరు పాటలోకే వస్తే ఏమవుతుందో వేమన విషయంలో చూశాం. మకుటంలోనే కవి పేరు ఉంది. నాలుగో పాదంగా ఆ మకుటం తగిలించగలిగిన ప్రతివాడూ వేమనే అయ్యాడు. కడపలో ఉద్యోగం చేసి, తాళపత్రాలు పోగుచేయించిన సి.పి. బ్రౌన్ 1829లో వేమన పద్యాలు అచ్చువేయించాడు. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఏవి అసలువి, ఏవి తర్వాత చేరినవి అన్న తగవు తీరలేదు. పేరు ఎంత తేలిగ్గా గుర్తుపట్టేలా ఉంటే అంత తేలిగ్గా దాన్ని అనుకరించవచ్చు.

కాన్వాసు మీద ఇది ఇంకా సులువు. ఒక చిత్రకారుడి వెలుగునీడల పద్ధతినో, ముఖాలు తీర్చే తీరునో దొంగిలించాలంటే ఏళ్ళు సాధన చేయాలి. సంతకం దొంగిలించడానికి ఒక మధ్యాహ్నం చాలు. పేరు లేని పాత పటాన్ని చవగ్గా కొని, మూలన పెద్ద పేరు రాసి అమ్మేవాళ్ళు ప్రతి దేశపు బజారులోనూ ఉన్నారు. పటం మీద అన్నిటికంటే నమ్మదగనిది ఆ మూలే.

పేరు పక్షం: దొంగ సంతకాన్ని పట్టిచ్చేది కూడా ఆ మూలే. అసలు సంతకం పటం ఆరీ ఆరకముందే పడుతుంది. కింది రంగుతో కలిసి ఎండుతుంది, ఏళ్ళు గడిచాక దాంతో కలిసే పగులుతుంది. డెబ్బై ఏళ్ళ తర్వాత రాసిన పేరు అప్పటికే పగిలి ఉన్న పొర మీద పడుతుంది. భూతద్దం పెట్టి చూస్తే అక్షరంలోని రంగు పగులు లోపలికి జారి గడ్డకట్టి కనిపిస్తుంది. వార్నిష్ మీద రాసిన పేరుదీ అదే గతి. గది చీకటి చేసి అతినీలలోహిత దీపం వెలిగిస్తే పాత వార్నిష్ ఆకుపచ్చ ఛాయతో మెరుస్తుంది. దాని మీద తర్వాత రాసిన అక్షరాలు నల్లగా తేలి నిలబడతాయి. వార్నిష్ మార్చే రోజున ద్రావకంలో ముంచిన దూది తగిలితే వార్నిష్‌తోపాటే ఊడి వచ్చేస్తాయి కూడా.

అందుకే సంతకం వార్నిష్‌కు ముందే పడాలన్నది ఈ పనిలో మొదటి పాఠం. కర్నూలు, కడప మే నెల ఎండలో పై పొర చేతికి అంటకుండా త్వరగా ఆరుతుంది. అంతమాత్రాన పటం ఆరినట్టు కాదు. అవిసె నూనె ఆరడమంటే నీళ్ళలా ఆవిరి కావడం కాదు, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడటం. లోపలి పొరల్లో అది నెలల తరబడి సాగుతూనే ఉంటుంది. చివరి వార్నిష్‌కు ఆరు నెలల నుంచి ఏడాది దాకా ఆగమనేది అందుకే. సంతకానికి అంత ఆగనక్కర్లేదు, ఆగకూడదు కూడా. బాల్‌పెన్నుతోనో మార్కరుతోనో రాస్తే సిరా వెలిసిపోతుంది. యాక్రిలిక్ రంగుతో రాస్తే నూనెపొర మీద నిలవక పెచ్చులూడుతుంది. నూనెరంగు పటానికి నూనెరంగు సంతకమే.

ఇక పేరు చేసిన మేలుకు ఒక్క సాక్ష్యం. 17వ శతాబ్దపు డచ్చి చిత్రకారిణి జూడిత్ లేస్టర్ పటాలు ఆమె పోయాక ఫ్రాన్స్ హాల్స్ పటాలుగా చెలామణి అయ్యాయి. ఆమె తన పేరు పొడి అక్షరాలకు ఒక నక్షత్రం జోడించి గుర్తు వేసేది. 1893లో హాల్స్ పటంగా అమ్ముడైన ఒకదాని మీద ఆ గుర్తు బయటపడింది. రెండు శతాబ్దాలకు పైగా లోకం మరిచిపోయిన చిత్రకారిణి తిరిగి వచ్చింది. ఆ మూలన ఆ నక్షత్రం లేకపోతే ఆమెకు చరిత్రే లేదు.

పటం పక్షం: లేస్టర్ ఉదాహరణ బలమైనది. ఆడవాళ్ళ విషయంలో, కింది కులాల పనివాళ్ళ విషయంలో పేరు రాయడం ఒక హక్కును నిలబెట్టుకోవడమే. అక్కడ ఈ పక్షం పట్టుబట్టదు. కానీ ఆ కథలో ఇంకో ముక్క ఉంది. గుర్తు బయటపడగానే కొన్నవాళ్ళు, అమ్మినవాళ్ళు కోర్టుకెక్కారు. హాల్స్ ధర పెట్టి కొంటే లేస్టర్ దొరికిందని తగవు. పటంలో ఒక్క కుంచెగీత మారలేదు. నిన్నటిదాకా కళ్ళప్పగించి చూసిన పటమే అది. మారింది పేరు, పడిపోయింది విలువ. బెర్లిన్‌లోని బంగారు శిరస్త్రాణం ధరించిన మనిషి చిత్రానికీ అదే జరిగింది. రెంబ్రాంట్ వేసినదని లోకమంతా కొనియాడిన పటం ఆయన చేతిది కాదని 1980లలో తేల్చారు. కొనేవాళ్ళు పటాన్ని చూస్తున్నారా, పేరును చదువుతున్నారా?

పేరు పక్షం: చదవడం తెలిసి చూడటం తెలియని కొనుగోలుదారుల తప్పు చిత్రకారుడి మీద వేయడం న్యాయం కాదు.

పటం పక్షం: సరే, అది వదిలేద్దాం. ఒక పటానికి ఒక పేరు అన్న లెక్కే చాలాసార్లు తప్పుతుంది. తెలుగు ఇళ్ళలో లక్ష్మి, సరస్వతి అంటే కళ్ళ ముందు నిలిచేవి రాజా రవివర్మ వేసిన రూపాలే. ఆయన తమ్ముడు సి. రాజరాజవర్మ ఎన్నో కాన్వాసుల మీద అన్నతో కలిసి పనిచేశాడు. ఇళ్ళలోకి వచ్చింది ఒక్క పేరే. 1894లో బొంబాయిలో మొదలైన రవివర్మ లితో ప్రెస్సు తర్వాత ఫ్రిట్జ్ ష్లైషర్ చేతికి పోయింది. ఆ తర్వాత కూడా బొమ్మలు రవివర్మ ప్రెస్సు పేరు మీదే అచ్చయ్యాయి. జామినీ రాయ్ ఇంట్లో కుటుంబమంతా కుంచె పట్టేది, కింద ఆయన పేరు పడేది. అప్పుడు సంతకం చెయ్యిని చెబుతోందా, దుకాణాన్ని చెబుతోందా?

కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో పుట్టిన సురభి నాటక సమాజం తెరలను చూడండి. అంతఃపురం, అడవి, రాజవీధి. లోతు కనిపించేలా వేసిన పెద్ద పెద్ద చిత్రాలు. జనం వాటిని సురభి తెరలనే అంటారు. ఏ చెయ్యి వేసిందో అడగరు, అడగనందుకు తెరకు వచ్చిన లోటూ లేదు.

పేరు పక్షం: తెరకు లోటు లేదు. తెర వేసినవాడికి ఉంది. పదిమంది పనిచేస్తే పది పేర్లు రాయాలి, లేదా పర్యవేక్షణ ఫలానా అని నిజం రాయాలి. ఒక్క పేరే రాస్తున్నారని అన్ని పేర్లూ చెరిపేయడం మందు కాదు.

పేరు అక్కర్లేదనడం పేరు వచ్చినవాళ్ళకు సులువు. కడపలో 2020లో డాక్టర్ వైఎస్ఆర్ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం మొదలైంది. పెయింటింగ్ చదివి బయటికి వచ్చే కుర్రవాడి మొదటి పటం ఏ డాక్టరుగారి ఆసుపత్రి హాల్లోనో వేలాడుతుంది. దాన్ని చూసినవాళ్ళలో ఒకరికి నచ్చి అలాంటిది వేయించుకోవాలనుకుంటే, ఎవరిని అడగాలి? గోడ మీద సిమెంటు కంపెనీ ప్రకటన రాసే పెయింటర్ కూడా కింది మూలన ఫలానా ఆర్ట్స్ అని రాసుకుంటాడు. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని తగ్గినా, ఆ గోడల మీద పేర్లు ఇంకా కనిపిస్తున్నాయి. వాళ్ళకున్నపాటి తెలివి తైలవర్ణ చిత్రకారుడికి ఉండకూడదా?

పటం పక్షం: గోడ మీది ఆ రాత ప్రకటన కింద మరో ప్రకటన. తైలచిత్రాన్ని ఆ వరసలో కూర్చోబెట్టమని అడగకూడదు.

పేరు పక్షం: వరస నచ్చకపోతే చట్టం మాట వినండి. 1957 కాపీరైటు చట్టం 55వ సెక్షన్ ప్రకారం, కళాకృతిని తయారుచేసినప్పుడే దాని మీద ఎవరి పేరు ఉందో ఆ మనిషినే కర్తగా కోర్టు భావిస్తుంది. కాదనేవాళ్ళు రుజువు తేవాలి. ఒక ఊళ్ళో గీసిన పటాన్ని ఎవరో క్యాలెండరుకో హోటలు గోడకో ఎత్తుకుపోతే, పేరున్న చిత్రకారుడు సగం వ్యాజ్యం గెలిచినట్టే. పేరు లేనివాడు తానే గీశానని మొదటి నుంచి రుజువు చేసుకోవాలి. అదే చట్టం 53ఎ సెక్షన్ ఇంకో మేలు చేసింది. పటం మూలప్రతి పది వేల రూపాయలకు మించిన ధరకు మళ్ళీ అమ్ముడైతే, అందులో వాటా అడిగే హక్కు చిత్రకారుడికో వారసులకో ఇచ్చింది. ఆ వాటా పది శాతానికి మించకూడదు. ఎవరి పటమో తెలియకపోతే ఎవరి వారసులు అడుగుతారు?

పటం పక్షం: చట్టాన్ని చివరిదాకా చదవాలి. 55వ సెక్షన్ పేరు కృతి మీద ఉండాలంది, ముందువైపు కింది మూలన ఉండాలనలేదు. కాన్వాసు వెనక రాసిన పేరు కూడా కృతి మీది పేరేనని వాదించుకోవచ్చు. కర్తృత్వం చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ ఇచ్చింది. దానికీ సంతకం షరతు లేదు. విజ్ఞాన్ భవన్ నుంచి తొలగించిన తన కుడ్యశిల్పం కోసం అమర్‌నాథ్ సెహగల్ ఆ సెక్షన్ మీదే పోరాడి 2005లో ఢిల్లీ హైకోర్టులో గెలిచారు.

ఇంకొకటి. ఈ ప్రాంతంలో చిత్రకారులకు వచ్చే తైలవర్ణ పనిలో పెద్ద భాగం మనుషుల చిత్రాలు. పోయిన తాతగారి ఫోటో ఇచ్చి నిలువెత్తు పటం వేయమంటారు, లేదా కార్యాలయంలో ఆవిష్కరణకు నాయకుడి పటం కావాలంటారు. డబ్బిచ్చి ప్రత్యేకంగా వేయించుకున్న చిత్రానికి, వేరే ఒప్పందం లేకపోతే, 17వ సెక్షన్ ప్రకారం మొదటి కాపీరైటు యజమాని వేయించుకున్నవాడే. అప్పుడు ఆ 53ఎ వాటా కూడా చిత్రకారుడికి రాదు. మూలన పేరున్నా ఇది మారదు. వేసే ముందు రాసుకునే ఒప్పందం కాగితం మీది సంతకం, పటం మీది సంతకం కంటే ఎక్కువ కాపాడుతుంది. పైగా ఆ పటానికి ఇంట్లోవాళ్ళు బొట్టు పెడతారు, దండ వేస్తారు. తాతగారి ఎదుట చేతులు జోడించినప్పుడు కింద ఇంకొకరి పేరు కనిపించడం వాళ్ళకు ఇబ్బందే. చాలా ఇళ్ళలో ఆ ఇబ్బందిని దండే తీరుస్తోందనుకోండి.

పేరు పక్షం: ఒప్పందం మాట నూటికి నూరుపాళ్ళు నిజం. మన చిత్రకారుల్లో అడ్వాన్సు తీసుకునేవాళ్ళు ఉన్నారు గానీ కాగితం రాయించుకునేవాళ్ళు తక్కువ. పూజలందుకునే పటంలో పేరు కాలి దగ్గర నీడలో కలిసిపోయేలా రాయాలన్నదీ సబబే. కానీ రాయాలి. వడ్డాది పాపయ్య పత్రికల ముఖచిత్రాలుగా వేసిన బొమ్మల కింద వపా అన్న రెండక్షరాలు ఎన్ని లక్షలమంది తెలుగువాళ్ళకు తెలుసు! ఆ రెండక్షరాలు బొమ్మకు అడ్డుపడ్డాయని ఎవరూ అనలేదు. రవివర్మ ఇంగ్లీషులో రాసుకున్నాడు, ఎం.ఎఫ్. హుస్సేన్ లిపులు మార్చి మార్చి రాశాడు, వపా తెలుగులో రాశాడు. కర్నూలు చిత్రకారుడు తన పటం మీద తెలుగులోనో ఉర్దూలోనో పేరు రాస్తే, అది ఏ నేల నుంచి వచ్చిందో వేరే చెప్పనక్కర్లేదు.

పటం పక్షం: పత్రిక ముఖచిత్రానికి వెనకవైపు లేదు. అది అచ్చయ్యే బొమ్మ, పేరు ముందే ఉండాలి. కాన్వాసుకు వెనకవైపు ఉంది, చట్రం చెక్క ఉంది. అక్కడ పేరు, పటం పేరు, సంవత్సరం, ఊరు, రంగుల రకం, కొలతలు, వార్నిష్ వేశారా లేదా, వేస్తే ఏది అన్నీ రాయొచ్చు. మూలన రెండంగుళాల్లో ఇవేవీ పట్టవు. గుడ్డ మీద పెన్ను నొక్కి రాయకూడదు. ఒత్తిడికి ముందువైపు రంగు పొర ఉబ్బుతుంది, సిరా ఊరి బయటికి వస్తుంది. చెక్క మీదో, చట్రానికి మడిచిన గుడ్డ అంచు మీదో పెన్సిలుతో రాయాలి. వాన్ గో చాలా పటాలకు సంతకమే పెట్టలేదు, పెట్టినచోట విన్సెంట్ అని మాత్రం రాశాడు. వాటి పుట్టుపూర్వోత్తరాలు తేల్చడంలో తమ్ముడు థియోకు రాసిన ఉత్తరాలు ఎంతో తోడ్పడ్డాయి. దామెర్ల రామారావు 1925లో ఇరవై ఎనిమిదేళ్ళు నిండకముందే పోయాడు. ఆయన పటాలు రాజమండ్రిలో ఆయన పేరిటి గ్యాలరీలో ఒక్కచోట ఉండటం మూలన ఉండే ఏ సంతకం కంటే గట్టి ఆధారం.

పేరు పక్షం: ప్రతి చిత్రకారుడికీ గ్యాలరీ కట్టరు. ప్రతివాడికీ ఉత్తరాలు దాచే తమ్ముడు ఉండడు. వెనక రాత గొప్పదే, కానీ దాని ఆయుష్షు ఎవరి చేతిలో ఉంది? పటాలు కట్టే షాపులో వెనకవైపు అట్టముక్క కొట్టి మూసేస్తారు. పదేళ్ళకు చెక్కకు చెద పడుతుంది, కొత్త చట్రం బిగించి పాతది పొయ్యిలో పెడతారు. ఫోన్లలో తిరిగే బొమ్మకు వెనకవైపే లేదు.

పటం పక్షం: ఫోన్లలో తిప్పేవాడికి మూలను కత్తిరించడానికి ఒక్క వేలు చాలు.

పేరు పక్షం: కత్తిరించినవాడి దొంగతనం కత్తిరింపులోనే తెలుస్తుంది. పేరే లేనప్పుడు దొంగతనం జరిగిందని కూడా తెలియదు. ముందు ఒకటి, వెనక ఒకటి, రెండూ ఉండాలన్నది ఈ పక్షం మాట.

పటం పక్షం: వెనక తప్పనిసరి. ముందువైపు పటం అడిగితేనే. గండికోట ఆకాశం కింద మూలన ఏమీ వద్దని చిత్రకారుడికి అనిపిస్తే, అక్కడ పేరు లేదన్న కారణంతో ఆ పటం ధర తగ్గించేవాళ్ళ మాట వినక్కర్లేదు. ఈ ఒక్కచోట రాజీ లేదు.

పేరు పక్షం: రాజీ కుదరని చోటు అదేనని ఈ పక్షమూ ఒప్పుకుంటుంది. కుదిరిన సంగతి ఒకటుంది కాబట్టి అది చెప్పి ఆపడం మంచిది. కర్నూలు, కడప జిల్లాల ఇళ్ళలో, పాత కచేరీల్లో తైలచిత్రాలు ఇంకా వేలాడుతున్నాయి. వాటికి ఫ్రేము మార్పించేవాళ్ళు పాత చట్రాన్నీ వెనక అట్టనూ షాపులో వదిలేసి రాకూడదు. ముందు మూలను, వెనక చెక్కను పగటి వెలుతురులో దగ్గరి నుంచి ఫోటో తీయించి, పటం ఎవరు వేశారో ఇంట్లో పెద్దవాళ్ళకు గుర్తున్నది ఆ ఫోటో వెనక రాసి పెట్టుకోవాలి.